అక్క గదిలో వేడి ట్యాంకు

హలో… ఆ, నేనే అక్కా. నేను కాక ఈ ఇంట్లో ఫోను ఇంకెవరు తీస్తారు?

…

పనేం లేదు. చెప్పు.

…

అరుపులా? అవి మా అత్తగారివి. నీ మీద కాదులే, దుప్పటి మీద.

…

దుప్పటే. ఆవిడ నీలం దుప్పటి. పొద్దున్న ఈయన ఆవిడ మంచం మీంచి లాక్కెళ్ళి ట్యాంకుకి చుట్టారు. "వేడిగా ఉన్నదానికి దుప్పటెందుకురా, చలేస్తోందని చెప్పిందా నీకు?" అని ఆవిడ. "వేడిగా ఉంది కాబట్టేనమ్మా" అని ఈయన. "మరి ఆ గదిలో చల్లగా ఉన్నదానికి కూడా రెండు కప్పావేం?" "అది చల్లగా ఉంది కాబట్టేనమ్మా." పొద్దుటినుంచీ ఇదే. ఇద్దరిలో ఒక్కరూ ఒక్క మాట మార్చడం లేదు.

…

ఏ ట్యాంకా?

…

కాదు, నీళ్ళ ట్యాంకు కాదు. అది డాబా మీదే ఉంది. ఇది వేరు. చెప్తాను. ముందు నువ్వు చెప్పు, కళ్ళ డాక్టరు ఏమన్నాడు?

…

బుధవారమా? ఈ వచ్చే బుధవారం?

…

సంతోషంగానే అంటున్నా అక్కా. నా గొంతే అంత.

…

ఇది వదులుకుంటే మళ్ళీ నాలుగు నెలలకా? వద్దు, వద్దు, వదులుకోవడం అనే మాటే వద్దు. నువ్వు పోయిన నెల మావయ్యగారికి కుట్టి పంపిన చొక్కా చూశావా? చూడలేదులే, చూస్తే అలా కుట్టవు. జేబు భుజం మీద ఉంది. ఆయన మొహమాటానికి అదే వేసుకుని తిరుగుతున్నారు, కళ్ళజోడు తీయాలంటే ఎవరో వెనక తట్టినట్టు చెయ్యి పైకెత్తుతారు పాపం.

…

నవ్వకు. నీ బతుకుతెరువు మిషను మీద ఉంది. కన్ను బాగుపడకపోతే ఆ మిషను అమ్ముకుని ఏం చేస్తావు? రేపు నీ దగ్గర గుడ్డ పెట్టేవాళ్ళుండరు.

…

తెలుసు. మూడు వారాలు వంగకూడదు, పొయ్యి దగ్గరికి వెళ్ళకూడదు, రెండు గంటలకోసారి చుక్కలు వెయ్యాలి. నీకక్కడ మనిషి తోడు లేదు. అందుకే కదా రెండు నెలల కిందటే నా దగ్గరికి రమ్మన్నాను.

…

గదా?

…

గది ఉంది. గది ఎక్కడికి పోతుంది? నాలుగు గోడలూ అలాగే ఉన్నాయి.

…

సర్దడమంటే… అక్కా, నువ్వు నిలబడి మాట్లాడుతున్నావా? కూర్చో.

…

కూర్చున్నావా? నీ గదిలో ట్యాంకు ఉంది.

…

పన్నెండు వందల లీటర్లు.

…

ఎందుకంటే అంత పొడుగుది పట్టే గది ఇంట్లో అదొక్కటే. సామాన్ల గదిలో ఇంకోటి పెట్టారు, అది చల్లది. నీ గదిలోది వేడిది. రెండూ గుండ్రంగా, నా కంటే ఒక జానెడు ఎత్తు. మంచం విప్పి గోడకి ఆనించాం. కిటికీ సగం కనిపిస్తుంది.

…

పిచ్చెక్కలేదు. ఈయన పేరు ఇచ్చేశారు వాళ్ళ ఆఫీసులో. కరెంటు ఆఫీసువాళ్ళు ఒక ఇల్లు కావాలన్నారట, ప్రయోగానికి. అందరూ చేతులు కిందికి దించుకుంటే మీ మరిది రెండు చేతులూ ఎత్తారట. ఇరవై రెండేళ్ళుగా వీధి వీధీ తిరిగి ఊళ్ళో వాళ్ళ మీటర్లు చూసి రాసుకునే మనిషి, "ఇన్నాళ్ళకి మీటరే నా ఇంటికొస్తోంది" అని పొంగిపోయారు.

…

దేనికంటే, కరెంటు దాచడానికి.

…

అవునే, దాచడానికే. పగలు ఎండ ఉన్నప్పుడు డాబా మీద సోలారు పలకలనుంచి కరెంటు వస్తుందా? మనం వాడుకోకపోతే అది ఊరికే పోతుంది. దాన్ని వేడిగా మార్చి దాస్తారు. ఎలా అంటే… నీ ఫ్రిజ్ వెనక ఎప్పుడైనా చెయ్యి పెట్టావా?

…

కాలుతుంది కదా. లోపలి వేడిని తోడి వెనక పారేస్తుంది ఫ్రిజ్. వీళ్ళ పంపూ అదే పని చేస్తుంది. సామాన్ల గదిలో ఉప్పునీళ్ళలోంచి వేడిని తోడి నీ గదిలో నూనెలో పోస్తుంది. పగలంతా తోడగా తోడగా ఇది మరిగిపోతుంది, అది మంచులా అయిపోతుంది. సాయంత్రం వదిలిపెడితే ఆ వేడి మళ్ళీ చల్లదాని దగ్గరికి పరిగెత్తుతుంది. పరిగెత్తేదాన్ని దారిలో పట్టుకుని చక్రం తిప్పించుకుంటారు. దీపాలు వెలుగుతాయి.

…

నాకెలా తెలుసంటే, వినేవాళ్ళు దొరికితే చాలు ఈయన చెప్తారు. పాలు పోసేవాడికి చెప్పారు. పాలవాడు ఇప్పుడు గేటు దగ్గరే గిన్నె పెట్టి పారిపోతున్నాడు.

…

అసలు కిటుకు అక్కడే ఉందక్కా. వేడికీ చల్లదనానికీ మధ్య ఎంత తేడా ఉంటే అంత కరెంటు. దీంట్లో వేడి కాస్త, దాంట్లో చల్లదనం కాస్త తగ్గి రెండూ గోరువెచ్చగా అయ్యాయనుకో, రెండు ట్యాంకులూ నిండుగానే ఉంటాయి, లోపల మాత్రం ఏమీ ఉండదు.

…

వస్తున్నా, అసలు సంగతికే వస్తున్నా. నలభై రోజుల ప్రయోగం. ఇవాళ నలభయ్యోది. ఇవాళ ఇంజినీరు మేడమ్ ఎదురుగా సాయంత్రం అయిదునుంచి ఎనిమిదిదాకా, మూడు గంటలు ఆగకుండా ఇల్లు ఈ ట్యాంకుల మీదే నడవాలి. నడిచిందా, రేపు పొద్దున్న లారీ వచ్చి రెండూ పట్టుకుపోతుంది. నీ గది నీకు. అందుకే నీకు చెప్పలేదు. నువ్వొచ్చేసరికి పోతాయి కదా అనుకున్నా.

…

నడవకపోతే… ఎందుకు నడవలేదో తేలేదాకా ఇక్కడే ఉంటాయి. ఇంకో మూడు నెలలు.

…

ఇప్పుడు ఏడూ అయిదు. దీపాలు వెలుగుతున్నాయి. మేడమ్ హాల్లో కూర్చుని గడియారం చూస్తోంది. నేను వంటగదిలోంచి నీతో మాట్లాడుతున్నా.

…

నిన్నా? నిన్న రెండు గంటల పదిహేను నిమిషాలు.

…

మొన్న రెండూ పది. అక్కా, అబద్ధం ఆడి ఏం లాభం, ఒక్క రోజూ మూడు గంటలు కాలేదు.

…

ఇవాళ అవుతుంది. ఇవాళ నేను కాపలా కాశాను.

…

దొంగలకే. ఇంట్లో దొంగలకి.

…

మెల్లిగా చెప్తున్నా, విను. ట్యాంకు చుట్టూ దళసరి మెత్త ఉంటుంది, వేడి బయటికి పోకుండా. పదిరోజుల కిందట నేను గది తుడుస్తూ చూస్తే, ఆ మెత్తలో రెండు గుండ్రటి కిటికీలు. కోసి, మళ్ళీ పైన రేకులా కప్పి, కప్పుకి గుండీలు కుట్టి ఉన్నాయి. సరిగ్గా మోకాళ్ళ ఎత్తున.

…

ఇంకెవరు? రోజూ మధ్యాహ్నం కుర్చీ వేసుకుని, గుండీలు విప్పి, రెండు మోకాళ్ళూ లోపల పెట్టుకుని కూర్చుంటున్నారు అత్తగారు. అడిగితే, "పన్నెండు వందల లీటర్లలో నా మోకాళ్ళకి ఎంత పోతుందే, చెంచాడు" అన్నారు. కుట్టు మాత్రం బాగుంది. నువ్వు చూస్తే మెచ్చుకుంటావు.

…

నేనా? నేనేం చేస్తాను…

…

నీకెలా తెలుస్తుందే అన్నీ? సరే. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక ఆ గదిలోకి వెళ్ళి, తలుపేసుకుని, దానికి వీపు ఆనించి నిలబడతాను. పావుగంట. అంతే. "తలుపు తీయరాదు" అని ఈయన కాగితం అంటించారు కదా, ఆ పావుగంటలో ఎవరూ తీయరు. ఈ ఇంట్లో నన్ను ఎవరూ పిలవని చోటు అదొక్కటే. నడుం నొప్పి కూడా కాస్త…

…

తప్పే. ఇవాళ మాత్రం వెళ్ళలేదు. ఒట్టు.

ఉండు ఉండు, ఏడుంపావు అయింది, మిక్సీ వెయ్యాలి. అరుస్తా, విను.

…

ఏం లేదు! ఖాళీదే! జార్‌లో ఏమీ లేదు!

…

గాలి రుబ్బుతున్నా! పది నిమిషాలు తిప్పాలట, రూలు! మామూలు ఇంట్లో సాయంత్రం ఎంత కరెంటు వాడతారో అంతా వాడాలట! పప్పేదైనా వేద్దామంటే, "పప్పు రోజుకో రకంగా ఉంటుంది, గాలి అయితే ఒకటే" అందట మేడమ్!

…

టీవీ కూడా! దాన్ని కట్టెయ్యకూడదు, ఛానెల్ మార్చకూడదు! అయిదింటినుంచి ఎవరో చెరువులో చేపలు పడుతున్నాడు! ఇంతవరకు ఒక్కటి పడలేదు! మావయ్యగారు వాడికి సలహాలు చెప్తున్నారు!

…

ఆ, అయింది. చెవులు గింగురుమంటున్నాయి. ఏడూ ఇరవై ఆరు. ఇప్పటికి రెండు గంటల ఇరవై ఆరు నిమిషాలు అక్కా! నలభై రోజుల్లో ఇంతసేపు ఎప్పుడూ రాలేదు. దీపం రెప్ప కూడా కొట్టలేదు.

…

నీ నోటి చలవ. భోజనాలకి లేవమంటున్నారు, భోజనం కూడా పరీక్షలో ఒక భాగమే. ఫోను పెట్టెయ్యకు. చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని వడ్డిస్తా. ఎనిమిదయ్యేదాకా నువ్వు నాతోనే ఉండు.

…

మేడమ్ గారూ, ఇటు కూర్చోండి… మా అక్కండీ, బుధవారం కంటి ఆపరేషను… అలాగేనండీ, చెప్తాను. అక్కా, ఫోను చార్జింగులో పెట్టానా అని అడుగుతోంది, పెడితే లెక్కలో రాసుకోవాలట. పెట్టలేదండీ.

…

వయసా? మన పిన్ని కూతురంత ఉంటుంది. మంచిపిల్లే. నవ్వితే కూడా కాగితం చూసుకుని నవ్వుతుంది.

ఏమండీ, కంచం ముందు కూర్చోండి. ఇప్పుడెక్కడికి? … అక్కా, మళ్ళీ లేచారు. వేడి చూసి రావడానికట. సరే, స్టూలు మీరే వేసుకోండి ఈసారి, నా చేతిలో గరిటె ఉంది.

…

అది ఆయన అలవాటులే. మావయ్యగారూ, అన్నం… చాలా? … ఏంటి? చివర్లో ఏముందని?

…

ఉండక్కా, మావయ్యగారు ఏదో అంటున్నారు. మేడమ్ గారికి చివర్లో చల్లటి పుచ్చకాయ ఉందట.

పుచ్చకాయ ఎక్కడిది మావయ్యగారూ? ఫ్రిజ్‌లో లేదే, నేనే సర్దాను.

…

అక్కా.

…

ఉప్పునీళ్ళలో ఉందట.

…

చల్ల ట్యాంకులో! వల సంచీలో పెట్టి, పై కన్నంలోంచి తాడుతో దింపారట. అలా నవ్వుతూ చెప్తున్నారేంటి మావయ్యగారూ! ఎప్పుడు దింపారు? … పొద్దున్న పదింటికి. బజారునుంచి తెచ్చీ తేగానేనా, ఆ ఎండలోంచి వచ్చిందాన్నా? … ఎన్ని కిలోలు?

…

ఏడు కిలోలట. ఒకటి కాదు అక్కా. రెండు.

…

విషం కాదులే, ఉప్పునీళ్ళే, వచ్చిన రోజే అడిగాను. నా బాధ అది కాదు. ఎన్నాళ్ళనుంచి చేస్తున్నారట? … రోజూ! "ఫ్రిజ్‌లో పెడితే కరెంటు ఖర్చు కదమ్మా" అంటున్నారు!

…

మేడమ్ అన్నం కలపడం ఆపేసింది. రాసుకుంటోంది. ఎడమ చేత్తో.

…

వెలుగుతున్నాయి, ఇంకా వెలుగుతున్నాయి. ఏడూ నలభై. ఇరవై నిమిషాలు. నువ్వేమీ మాట్లాడకు. నేనూ మాట్లాడను.

…

ఫ్యాను నెమ్మదించిందా? … నాకే అలా అనిపిస్తోందేమో.

…

అక్కా, దీపం పసుపుగా అవుతోంది.

…

టీవీలో వాడి గాలం కదిలింది! ఏదో పడింది! మావయ్యగారు లేచి నిలబడ్డారు…

…

పోయింది.

…

అన్నీ పోయాయి. చేప కూడా పోయింది.

…

ఏడూ నలభై రెండు. పద్దెనిమిది నిమిషాలు తక్కువ.

…

ఉన్నా. ఉన్నానే. చీకట్లో నిలబడి ఉన్నా, గరిటె పట్టుకుని.

…

వేస్తే వస్తుంది మామూలు కరెంటు, కానీ ఎనిమిది దాకా వెయ్యకూడదట. కొవ్వొత్తి కూడా వద్దంది మేడమ్, దానికీ వేడి ఉంటుంది కదా. చిన్న టార్చి ఒకటి తీసి తన కాగితం మీదకి మాత్రం వేసుకుంది.

…

అడుగుతోంది. "ఈ ఇంట్లో వేడి ఎక్కడికి పోతోంది? కోప్పడను, నాకు రాసుకోవడానికి కావాలి" అంటోంది. బడిలో టీచరు అడిగినట్టే ఉంది.

…

అత్తగారు ఒప్పుకుంటున్నారు! చీకటి కాబట్టి ధైర్యం వచ్చినట్టుంది. "రెండు మోకాళ్ళమ్మా, రోజుకో గంట"… "ఇవాళ కూడానా?" అని మేడమ్. "ఇవాళ కోడలు స్నానానికి వెళ్ళినప్పుడు. ఒక్క మోకాలే."

…

నేనూ చెప్పాలా?

…

చెప్పేస్తా. మేడమ్ గారూ, నా వీపు కూడా రాసుకోండి. పావుగంట. ఇవాళ లేదు, మిగతా రోజులు.

…

ఈయన నిట్టూర్చారు. ఎంత పెద్ద నిట్టూర్పో, దానికీ ఎంత వేడి పోయిందో! "నా ఇంట్లో నా వెనక ఇంత జరిగిందా" అంటున్నారు. "నేను ఒక్కణ్ణే నిజాయితీగా ఉన్నాను మేడమ్, సాక్ష్యం ఉంది" అని లోపలికి వెళ్ళారు తడుముకుంటూ.

…

పుస్తకం. ఆయన పుస్తకం. నలభై రోజులనుంచి ట్యాంకు వేడి రాసుకున్నారు. వేడిది ఎర్ర సిరాతో, చల్లది ఆకుపచ్చ సిరాతో. గీతలు కొట్టి, కింద సంతకాలు పెట్టి… నిజంగా ముచ్చటగా ఉంటుంది. మేడమ్ చేతికి రెండు చేతులతో అందించారు. మొహం కనిపించడం లేదు కానీ ఛాతీ ఇంత చేసుకుని ఉంటారు.

…

తిప్పుతోంది. పేజీ తరువాత పేజీ.

…

ఒక అంకె మీద వేలు పెట్టి ఆగింది.

…

అడిగింది. "ట్యాంకుకి బయటే మీటరు బిగించాం కదా, ఈ అంకెలు దానివి కావే?" అంది. "దాన్ని నమ్మనండి. నేనే స్వయంగా పై మూత తీసి థర్మామీటరు దింపి చూస్తాను" అన్నారు ఈయన.

…

"రోజుకి ఎన్నిసార్లు?"

…

"పొద్దున్న నాలుగునుంచి గంటకోసారి. మధ్యలో అనుమానం వస్తే ఇంకోసారి. మొత్తం పదకొండు వందల ఇరవై సార్లు. ఒక్కటీ తప్పలేదు మేడమ్" అన్నారు.

…

అక్కా, అర్థమైందా నీకు?

…

అంతే! అన్నం ఉడికిందా అని ఘడియకోసారి మూత తీస్తే ఇంకేం ఉడుకుతుంది! కంచమంత మూత అది. నలభై రోజులూ స్టూలు పట్టుకున్నది నేను. నాకు తట్టలేదే! అది ఆఫీసు పని అనుకున్నాను. ఆ మూత తీసినప్పుడల్లా నా మొహానికి వేడి కొట్టేది. ఆ వేడి ఎక్కడిదని ఒక్కసారి ఆలోచించలేదు.

…

లెక్క వేసి చదువుతోంది మేడమ్, పద్దెనిమిది నిమిషాలకీ. పుచ్చకాయలు నాలుగు నిమిషాలు. మోకాలు ఒకటిన్నర. నా వీపు ఇవాళ సున్నా, మామూలు రోజున అర నిమిషమట.

…

అర నిమిషమే. నాకైతే ఆ పావుగంట ఎంతో పెద్దదనిపించేది. మిగతా పన్నెండున్నరా మూతది.

…

ఆయన పుస్తకం వెనక్కి తీసుకున్నారు అక్కా. కూర్చున్నారు. … ఇప్పుడేదో అన్నారు, ఉండు…

…

"ఇరవై రెండేళ్ళు చూశాను, నేను చూసినందుకు ఏ మీటరూ తగ్గలేదు" అంటున్నారు.

…

జాలేస్తోంది. నాకూ జాలే. పెరుగు వేసుకోండి. తినండి. ఎవరూ ఏమీ అనలేదు కదా మిమ్మల్ని. అత్తయ్యగారూ, మీరు నవ్వకండి.

…

చెప్తున్నా. మేడమ్ రాసేసింది. మూత సీలు చేస్తారట, మెత్త కొత్తది వేస్తారట, ఇంకో మూడు నెలలు. ట్యాంకులు కదలవు.

…

అదిగో, ఆ మాట అనకు. వాయిదా ఏంటి వాయిదా? వారం కాదు, పది రోజులు కాదు, నాలుగు నెలలు! నాలుగు నెలల తరువాత ఆ కంటికి దారమే కాదు, సూది పట్టుకున్న నీ చెయ్యే కనిపించదు.

…

నువ్వు ఒక్కదానివే వేసుకోలేవు. చుక్కలు ఎక్కడ వేసుకుంటావు, చెవిలోనా?

…

అక్కా, కాస్సేపు ఆగు. మావయ్యగారు గొంతు సవరించుకుంటున్నారు.

…

నీకు తెలియదులే ఈ ఇంటి పద్ధతి. ఏ తీర్మానమైనా పెరుగన్నం దగ్గర ఆయనే చెప్తారు. గొంతు సవరించుకుంటారు, చెప్తారు, చెయ్యి కడుక్కుంటారు. కడుక్కున్నాక ఇక మాట మారదు. పదిహేడేళ్ళుగా చూస్తున్నా. ఈ ఇల్లు కొన్నదీ, నేను ఉద్యోగంలో చేరొద్దన్నదీ, అన్నీ పెరుగన్నం దగ్గరే.

…

మొదలుపెట్టారు. "జరిగిందేదో జరిగింది. మేడమ్ గారి మాట ప్రకారం ట్యాంకులు ఉంటాయి. కోడలి అక్కగారు మంచి మనిషి, అర్థం చేసుకుంటుంది, కన్ను నాలుగు నెలలు…"

…

అక్కా, ఫోను బల్ల మీద పెడుతున్నా. కట్ చెయ్యకు. విను.

మావయ్యగారూ, ఆగండి. చెయ్యి కడుక్కోకండి. ఇవాళ్టిది నేను చెప్తాను.

…

మీరు కూర్చోండి అత్తయ్యగారూ. నేను నిలబడే చెప్తాను.

మా అక్క మంగళవారం బస్సుకి వస్తుంది. బుధవారం ఆపరేషను. మూడు వారాలు ఇక్కడే ఉంటుంది. మా పడగ్గది అక్కకి ఇస్తున్నాను. అక్క మంచం పక్కన నేను కింద పడుకుంటాను, రెండు గంటలకోసారి లేవాలి కదా. ఏమండీ, మీరు వేడి గదిలో పడుకోండి. గోడకీ ట్యాంకుకీ మధ్య చాప పట్టేంత చోటుంది, నేను కొలిచాను.

…

అడగడం లేదండీ. చెప్తున్నాను.

…

ఏంటి మేడమ్ గారూ? … ఆ గదిలో మనిషి ఉండకూడదని రూలా? రూలు ఏ కాగితంలో ఉందో ఆ కాగితంలో మా అక్క కంటి సంగతి కూడా రాయండి, పక్కనే. … ఊఁ? … ఎంత?

…

అక్కా, వింటున్నావా? మనిషి పడుకుంటే ఒక పాత బల్బంత వేడి ఇస్తాడట. వేడి ట్యాంకు గదిలో అది నష్టం కాదు, కాస్త మేలే అంటోంది. ఇల్లంతా తిరిగి చూస్తే ట్యాంకుకి మేలు చేసే పని ఇదొక్కటే దొరికిందట.

…

మావయ్యగారా? టార్చి వెలుగు అంచున చెయ్యి అలాగే గాల్లో పెట్టుకుని కూర్చున్నారు. ఆరిపోయింది కూడా. … ఏంటి మావయ్యగారూ? … "మరైతే ఆ పుచ్చకాయలు కొయ్యనా" అని అడుగుతున్నారు. కొయ్యండి. నాకూ ఒక ముక్క.

…

ఏడుస్తున్నావా? ఇంకా ఆపరేషనే కాలేదు, అప్పుడే కళ్ళు తుడుచుకుంటే ఎలా? సంచీ సర్దుకో. చీరలు నాలుగు చాలు, నావి కట్టుకోవచ్చు. మిషను తేకు.

…

ఎవరూ కోప్పడలేదే. నిజం. నేనే ఆశ్చర్యపోతున్నా.

…

ఈయన లేచి చాప తెచ్చుకుంటున్నారు అప్పుడే. ఏమండీ, ఇవాళ కాదు, మంగళవారం! … వినడం లేదు. చీకట్లో గోడలకి తగులుకుంటూ వెళ్తున్నారు. సరేలే, నేనూ వెళ్తా, ఆయన ఒక్కరివల్ల కాదు. నీ మంచం ఆ గదిలో విప్పి ఉంది కదా, దాన్ని మా గదిలో బిగించాలి, మాది కిర్రుమంటుంది, నీకు నిద్ర పట్టదు. ఏమండీ, ఆ కొస పట్టుకోండి… అదికాదు, అటు… అక్కా, నాకు రెండు చేతులూ కావాలి. పెట్టేస్తున్నా.